మాంగనీస్ గనిలో, రాతి క్వారీలో మట్టి డంపు జారకుండా ఎలా కట్టాలి?

గరివిడి, చీపురుపల్లి, మెరకముడిదాం వైపు వెళ్తుంటే పొలాల మధ్యలో ఉన్నట్టుండి గుట్టలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు వాటిని కొండలే అనుకుంటారు. అవన్నీ మాంగనీస్ గనుల్లోంచి తీసి పోసిన మట్టి. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1890ల మొదట్లో ఈ విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. అందుకే ఇక్కడి దిబ్బల్లో కొన్ని తాతల నాటివి. శ్రీకాకుళం జిల్లాకొస్తే టెక్కలి, మెళియాపుట్టి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దగ్గర రాతి ముక్కల గుట్టలు. మన రెండు జిల్లాల్లో బొగ్గు లేదు గానీ, తీసిన సరుకు కన్నా పారబోసిన మట్టే ఎక్కువగా ఉండటం చాలా గనుల్లో ఒకటే.

ఈ డంపుల కింద జనం ఉన్నారు. వరి మళ్లు ఉన్నాయి, చెరువులు ఉన్నాయి, బడికి వెళ్లే దారులు ఉన్నాయి. కాబట్టి చిన్న గని నడిపేవాళ్లు, మేట్లు (పనివాళ్లను దగ్గరుండి చూసేవాళ్లు), ఫోర్‌మన్లు, టిప్పర్ డ్రైవర్లు, డంపు పక్కన పొలం ఉన్న రైతులు అందరికీ తెలియాల్సిన సంగతి ఇది. పెద్ద డంపుకు డిజైన్ అర్హత ఉన్న మైనింగ్ ఇంజినీరే చేయాలి. ఆ డిజైన్ కాగితం మీద బాగుండి నేల మీద చెడిపోకుండా ఏం చేయాలన్నదే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. డంపును పడగొట్టేది చాలాసార్లు నీళ్లే. నీళ్లు పడితే మట్టి బరువు పెరుగుతుంది, మట్టి రేణువుల మధ్య పట్టు తగ్గుతుంది, అడుగున సుద్ద ఉంటే అది జారుడుబండ అవుతుంది. కాబట్టి కింద చెప్పే ప్రతి పనిలోనూ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ పడిన నీళ్లు ఎటు పోతాయి?

బొగ్గు గనుల నుంచి తెలుసుకోవాల్సింది

డంపుల గురించి ప్రపంచానికి ఎక్కువగా నేర్పింది బొగ్గు గనులే. ఆ పాఠాలకు చెల్లించిన ధర మాత్రం చాలా పెద్దది. 1966 అక్టోబర్ 21న బ్రిటన్‌లోని వేల్స్‌లో ఏబర్‌ఫాన్ అనే ఊరిమీద బొగ్గు గని డంపు జారి పడింది. 144 మంది చనిపోయారు. వాళ్లలో 116 మంది పిల్లలు. అప్పుడే బడిలో కూర్చున్న పిల్లలు. ఆ డంపును కొండ వాలు మీద, ఊటలు ఉన్న చోట పోశారు. ఆ ఊటలు మ్యాపుల్లో గీసే ఉన్నాయి. చూసి ఆగినవాళ్లు లేరు.

మన దేశంలో 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా దగ్గర రాజ్‌మహల్ ఓపెన్ కాస్ట్ గనిలో మట్టి జారి 23 మంది కార్మికులు చనిపోయారు. అది వానాకాలం కూడా కాదు. ఎండ కాస్తోంది కదా అని డంపు కింద నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

బొగ్గు డంపుకు ఇంకో బెడద ఉంది. అందులో కలిసిపోయిన బొగ్గు తునకలు, నల్ల పలకరాయి గాలి తగిలి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. లోపల కాలిపోయిన చోట డొల్ల పడుతుంది. అందుకే అక్కడ పలుచని పొరలుగా పోసి, గట్టిగా తొక్కించి, పైన బంకమట్టి కప్పుతారు. తాల్చేరులోనో సింగరేణిలోనో పనిచేసి వచ్చినవాళ్లను అడిగితే పొగలు వచ్చే డంపుల గురించి చెబుతారు. మన మాంగనీస్ మట్టికి, గ్రానైట్ రాతికి ఆ నిప్పు భయం లేదు. మనకున్నది తుఫాను భయం.

చోటు చూసుకోవడం

మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అన్నిటికన్నా తొందరపడి చేసేదీ ఇదే. గని గుంతకు దగ్గరగా ఉంటే డీజిల్ కలిసొస్తుందని ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ మొదటి టిప్పర్ దించేస్తారు. ఒకసారి పది వేల టన్నులు పడ్డాక ఇక దాన్ని కదిపేవాళ్లుండరు.

చోటును ఎండాకాలంలో చూసి నిర్ణయించకండి. వానాకాలంలో, వీలైతే పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లి చూడండి. గెడ్డ ఎక్కడ పారుతోంది, చిన్న చిన్న వాగులు ఎక్కడ కలుస్తున్నాయి, వాన వెలిసి రెండు రోజులైనా ఎక్కడ నేల చిత్తడిగా ఉంది అన్నది నడిచి చూడాలి. ఎండాకాలంలో పచ్చగా ఉన్న గడ్డి చాప, తుంగ, జమ్ము కనిపిస్తే అక్కడ కింద ఊట ఉన్నట్టే లెక్క. ఆ ఊరి పెద్దవాళ్లను అడగండి. “తాతా, ఇక్కడ ఇదివరకు నుయ్యి గానీ ఊట గుంట గానీ ఉండేదా?” అని అడిగితే ఏ సర్వే మ్యాపులోనూ దొరకని సంగతులు చెబుతారు. టోపో షీట్ (వాగులు, ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపు) కూడా చూడండి. కానీ ఒక్క షీటునే నమ్ముకోకండి.

గెడ్డకు అడ్డంగా ఎప్పుడూ పోయకండి. గెడ్డలో నీళ్లు లేవు కదా అంటారు. అది పదకొండు నెలల మాట. పన్నెండో నెలలో తుఫాను వచ్చినప్పుడు డంపు వెనక చెరువు తయారవుతుంది, ఆ నీళ్ల బరువంతా వదులు మట్టి మీద పడుతుంది. చెరువు గర్భంలో, వరి మడిలో, పూడ్చిన పాత గుంత అంచున కూడా వద్దు. మెత్తటి బురద నేల మీద పోస్తే డంపు వాలు ఎంత సరిగ్గా ఉన్నా అడుగు నేలే పక్కకు జరిగిపోతుంది. కొండ వాలు మీద పోయక తప్పకపోతే అది ఇంజినీరు లెక్క చూసి ఒప్పుకున్నాకే జరగాలి.

ఇళ్లు, బడి, రోడ్డు, రైల్వే లైను, కరెంటు లైను నుంచి ఎంత దూరం వదలాలో మీ మైనింగ్ ప్లాన్‌లోనూ గనుల భద్రతా నిబంధనల్లోనూ ఉంటుంది. దాన్ని కనీస దూరంగా తీసుకోండి. ఊరు డంపుకు దిగువన ఉంటే అంతకు మించి వదలండి. తడిసి జారిన మట్టి ఎక్కడ కూలిందో అక్కడే ఆగదు, నీళ్లతో కలిసి చాలా దూరం పారుతుంది.

నేలను సిద్ధం చేయడం

చెట్లు, తుప్పలు, వేళ్లు తీసేయండి. అవి కింద పడి కుళ్లితే మెత్తని పొర ఏర్పడుతుంది. తర్వాత సారవంతమైన పై మట్టిని గీకి వేరుగా కుప్ప వేయండి. ఆ కుప్ప రెండు మూడు మీటర్లు మించకూడదు, మించితే లోపలి మట్టి చచ్చిపోతుంది. ఈ మట్టే రేపు డంపు మీద పచ్చదనం తెచ్చేది. డంపులో కలిపేస్తే మళ్లీ దొరకదు.

మెత్తటి బంక పొర ఉంటే గట్టి నేల తగిలేదాకా తీయించండి. నేల కాస్త వాలుగా ఉంటే నున్నగా వదలకుండా మెట్లు మెట్లుగా కోయండి. మట్టి ఆ మెట్లను పట్టుకుని కూర్చుంటుంది. చిన్న ఊట కనిపిస్తే దాన్ని మూసేయకండి, మూస్తే అది లోపల్లోపల దారి వెతుక్కుంటుంది. ఊట దగ్గర నుంచి డంపు బయటి వరకు కాలువ తవ్వి, పెద్ద రాళ్లతో నింపి, పైన చిన్న రాళ్లు, ఆ పైన గులక పరవండి. నీళ్లు రాళ్ల సందుల్లోంచి బయటికి వచ్చేయాలి. గ్రానైట్ క్వారీ దగ్గర ఈ రాయికి కొరతే ఉండదు.

పాదం కట్టడం

డంపు కింది అంచును పాదం అందాం. డంపు మొత్తం బరువును ఆపేది ఇదే. మొదటి టిప్పర్ మట్టి పడకముందే పాదం వెంట పెద్ద రాళ్లతో గట్టు వేయండి. సిమెంటు గోడ కన్నా సిమెంటు లేకుండా పేర్చిన రాతి గట్టు నయం, ఎందుకంటే నీళ్లు దాని సందుల్లోంచి పోతాయి. సిమెంటుతో కడితే నీళ్లు పోయే చిల్లులు వదలాలి. ఆ చిల్లుల వెనక గులక పోయాలి, లేకపోతే మొదటి వానకే మట్టితో మూసుకుపోతాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. గోడ ఉంది కదా అని డంపును నిలువుగా పోయకూడదు. మట్టి తన సహజ వాలులోనే నిలబడాలి. గోడ పని దొర్లే రాళ్లను, కొట్టుకొచ్చే మట్టిని ఆపడం వరకే.

గట్టుకు బయట డంపు చుట్టూ కాలువ తవ్వాలి. దీన్ని గనుల్లో గార్లండ్ డ్రెయిన్ అంటారు. పై నుంచి వచ్చే నీళ్లు డంపును తాకకుండా ఎగువ వైపు కూడా ఒక కాలువ ఉండాలి. ఎంత వెడల్పు అన్నది అంచనాగా చూద్దాం. రెండు హెక్టార్ల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్ల నీళ్లు. అన్నీ పారితే సెకనుకు 280 లీటర్ల దాకా వస్తాయి. మీటరు వెడల్పు కాలువలో అర మీటరు లోతున నీళ్లు సెకనుకు మీటరు వేగంతో పారితే 500 లీటర్లు పోతాయి. అంటే ఆ కాలువ సరిపోతుంది. కానీ సగం మట్టితో పూడిపోతే సరిపోదు. కాలువ తవ్వడం ఒక్కరోజు పని, దాన్ని పూడిపోకుండా చూడటమే ఏడాది పొడుగునా ఉండే పని.

కాలువ నీళ్లను నేరుగా గెడ్డలోకి వదలకండి. రెండు మూడు గుంతలు వరసగా తవ్వి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పొర్లనివ్వండి. మట్టి గుంతల్లో దిగిపోతుంది. మాంగనీస్ డంపు నుంచి వచ్చే నల్లటి నీళ్లు వరి మళ్లలోకి పోతే రైతుతో గొడవ ఖాయం. ఆ గొడవలో న్యాయం రైతు వైపే ఉంటుంది.

ఏ మట్టి ఎక్కడ పోయాలి

మన గనుల్లో వచ్చే మట్టి అంతా ఒక్కలాంటిది కాదు. మాంగనీస్ గనిలో గట్టి రాయి వస్తుంది, మురిగిన రాయి వస్తుంది, తెలుపు, ఎరుపు, పసుపు కలిసిన సుద్దమట్టి వస్తుంది. ఈ సుద్దే ప్రమాదం. ఎండలో రాయిలా ఉంటుంది, తడిస్తే వేళ్ల మధ్య సబ్బులా జారుతుంది.

అనుమానం ఉంటే చేత్తో చూడండి. గుప్పెడు మట్టిలో కొద్దిగా నీళ్లు పోసి పిసికి, అరచేతుల మధ్య పెట్టి తాడులా పేనండి. మూడు మిల్లీమీటర్ల సన్నం వరకు తెగకుండా వస్తే అది బంక. పేనకముందే పొడి పొడిగా రాలిపోతే అది ఇసుక, గరుకు మట్టి. ఆ గుప్పెడు చూసి డ్రైవర్‌కు ఎటు పోయాలో చెప్పవచ్చు.

పెద్ద రాళ్లు అడుగున, బయటి అంచుల వెంట పోయండి. సుద్దమట్టి డంపు మధ్యలో మాత్రమే, పలుచగా, చుట్టూ రాతి మట్టి ఉండేలా పోయండి. సుద్దను డంపు ముఖం (బయటికి కనిపించే వాలు) మీద గానీ, వాలుకు సమాంతరంగా పొరలా గానీ పోయకండి. అలాంటి పొర ఉంటే పైనున్న మట్టంతా దాని మీద నుంచి జారిపోతుంది. తడి సుద్దను అసలే పోయకండి, ఆరబెట్టాకే డంపు ఎక్కించండి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే తెల్ల బురద గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరు ఎంత ఇస్తామన్నా దాన్ని డంపు మీద పోయనివ్వకండి. దానికి వేరే గుంత ఉండాలి.

గ్రానైట్ డంపులో కష్టం ఇంకో రకం. పెద్ద పెద్ద రాతి దిమ్మలు ఒకదాని మీద ఒకటి పడి మధ్యలో ఖాళీలు ఉంటాయి. నీళ్లు సులువుగా పోతాయి కాబట్టి జారే ప్రమాదం తక్కువ, దొర్లే ప్రమాదం ఎక్కువ. అలాంటి చోట పాదానికి కాస్త దూరంగా కందకం తవ్వి, ఆ మట్టినే అవతల గట్టుగా వేయండి. దొర్లిన దిమ్మ కందకంలో పడి ఆగాలి. డంపు పైనుంచి దిమ్మలను నెట్టేటప్పుడు కింద మనిషి గానీ పశువు గానీ లేరని చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

వాలు, ఎత్తు, బెంచీలు

కళ్లంలో ధాన్యం రాశి పోస్తే అది తనంతట తాను ఒక వాలు దగ్గర నిలుస్తుంది. ఎంత పోసినా రాశి వెడల్పవుతుందే గానీ నిలువుగా లేవదు. మట్టికి కూడా అలాంటి సహజ వాలు ఉంది. పొడి రాతి ముక్కలకు అది 35 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటుంది. తడి బంకకు చాలా తక్కువ.

బొగ్గు గనుల నిబంధనలు ఇలా చెబుతాయి: డంపు వాలు మట్టి సహజ వాలును మించకూడదు, ఏ పరిస్థితిలోనూ 37.5 డిగ్రీలు దాటకూడదు. ఎత్తు 30 మీటర్లు దాటితే బెంచీలుగా, అంటే పెద్ద మెట్లుగా, విడగొట్టాలి, ఒక్కో బెంచి 30 మీటర్లు మించకూడదు, మొత్తం వాలు ఒకటికి ఒకటిన్నర మించకూడదు. ఒకటికి ఒకటిన్నర అంటే మీటరు ఎత్తుకు మీటరున్నర అడ్డం, దాదాపు 34 డిగ్రీలు. ఇవి గరిష్ఠ పరిమితులు. మన సుద్ద కలిసిన మట్టికి, మన వానలకు వీటి దాకా వెళ్లకండి. చిన్న గనిలో 30 మీటర్ల బెంచి ఎవరికీ అక్కర్లేదు. ఎనిమిది, పది మీటర్ల బెంచీలు పెట్టుకుంటే డోజర్‌కు, కాలువలకు, మొక్కలకు, అన్నిటికీ వీలు.

ఒక లెక్క చూడండి. 24 మీటర్ల డంపును 8 మీటర్ల మూడు బెంచీలుగా కడదాం. ఒక్కో ముఖం ఒకటికి ఒకటిన్నర, అంటే 12 మీటర్ల అడ్డం. మూడు ముఖాలకు 36 మీటర్లు. మధ్యలో 5 మీటర్ల వెడల్పున రెండు బెంచీ మెట్లు, 10 మీటర్లు. మొత్తం 46 మీటర్ల అడ్డానికి 24 మీటర్ల ఎత్తు. మొత్తం వాలు 27, 28 డిగ్రీల దగ్గరికి వచ్చేసింది. ముఖాన్ని మార్చకుండానే ఆరు డిగ్రీలు దిగాం. ఆ పది మీటర్ల నేల ఇవ్వడానికి యజమానులు వెనకాడతారు, కానీ డంపు నిలబడేది ఆ పది మీటర్ల వల్లే.

వాలు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వడ్రంగి చేత మూడు చెక్క బద్దలతో ఒక చట్రం చేయించండి. ఒక బద్ద 150 సెంటీమీటర్లు, దానికి మూలమట్టంగా ఇంకోటి 100 సెంటీమీటర్లు, ఆ రెండిటి చివరలు కలుపుతూ ఏటవాలు బద్ద. ఏటవాలు బద్దను డంపు ముఖం మీద ఆనించండి. 150 సెంటీమీటర్ల బద్ద పైన, బయటికి చాచినట్టు ఉండాలి. దాని మీద మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టండి. బుడగ మధ్యలో ఉంటే వాలు సరిగ్గా ఒకటికి ఒకటిన్నర. బుడగ డంపు వైపు జరిగితే వాలు నిలువుగా ఉంది, పోయడం ఆపండి. బయటి వైపు జరిగితే ఫర్వాలేదు. ముఖం మీద కింద, మధ్య, పైన మూడు చోట్ల చూడాలి, ఒక్కచోట చూసి సరిపెట్టుకోవద్దు. మొత్తం వాలును మాత్రం సర్వేయర్ కొలవాలి.

పోసే పద్ధతి

డంపు కింది నుంచి పైకి పెరగాలి. చాలాచోట్ల దీనికి తిరగేసి చేస్తారు. ఒకేసారి ఎత్తుకు రోడ్డు వేసి, అక్కడి నుంచి అంచు మీదుగా కిందికి ఒలకబోస్తారు. అలా పోస్తే మట్టి వదులుగా పడుతుంది, పొరలన్నీ బయటి వైపుకు వాలి ఉంటాయి. జారడానికి అంతకన్నా అనుకూలమైన దారి ఉండదు. అలా పోసిన డంపు అంచున లారీ నిలబడితే అంచుతో సహా పోయే ప్రమాదం ఉంటుంది.

టిప్పర్ అంచుకు కొన్ని మీటర్లు ఇవతలే కుమ్మరించాలి. మిగతాది డోజర్ నెట్టాలి. డోజర్ లేకపోతే జేసీబీ. బంక కలిసిన మట్టి అయితే అర మీటరు పొరకు మించకుండా పరచి, టిప్పర్లు ఒకే దారిలో కాకుండా పొర అంతటా తిరిగేలా చూడండి. బరువు చక్రాలే ఉచితంగా దొరికే రోలర్. అంచు వెంట మట్టి కట్ట ఉండాలి. ఆ కట్ట ఎత్తు, అక్కడికి వచ్చే పెద్ద టిప్పర్ చక్రం ఎత్తులో కనీసం సగం ఉండాలి. వెనక్కి తీసేటప్పుడు సిగ్నల్ ఇచ్చే మనిషి డ్రైవర్ అద్దంలో కనిపించేలా పక్కన నిలబడాలి, ఎప్పుడూ వెనక నిలబడకూడదు. రాత్రి లైట్లు లేకుండా డంపింగ్ వద్దు. వాన పడుతుంటే అంచు దగ్గర డంపింగ్ వద్దు.

పైభాగాన్ని సమతలంగా వదలకండి. బయటి అంచు కాస్త ఎత్తుగా, లోపలి వైపుకు వాలుగా ఉండాలి. నూరు అడుగులకు రెండు అడుగుల వాలు చాలు. నీళ్లు అంచు మీదుగా పొర్లితే ముఖం కోసుకుపోతుంది. లోపలికి వచ్చిన నీళ్లు అక్కడ నిలిస్తే డంపులోకి ఇంకుతాయి కాబట్టి, రాళ్లు పరిచిన దిగుడు కాలువ ద్వారా కిందికి దించాలి. బెంచీ మెట్లకూ ఇదే పద్ధతి.

పచ్చదనం

పూర్తయిన ముఖాన్ని ఖాళీగా వదిలితే మొదటి వానకే చారలు పడతాయి, రెండో వానకు అవి గండ్లు అవుతాయి. ఒక బెంచి పూర్తయిన వెంటనే దానికి పై మట్టి పరచి గడ్డి నాటండి, డంపు మొత్తం పూర్తయ్యేదాకా ఆగకండి. వాలు మీద వట్టివేరుకు మించింది లేదు. దాని వేళ్లు నిలువుగా మీటర్ల లోతుకు దిగి మట్టిని కుట్టేస్తాయి. జూన్, జూలైలో, తొలకరి పడ్డాక, వాలుకు అడ్డంగా వరసలుగా, మొక్కకు మొక్కకు జానెడు లోపే ఎడం ఉండేలా నాటాలి. నిలువు వరసలు వేస్తే అవే నీటికి దారులవుతాయి.

గడ్డి పట్టుకునేదాకా మట్టిని కాపాడటానికి కొబ్బరి పీచు చాప మంచిది. కవిటి, సోంపేట వైపు ఉద్దానంలో కొబ్బరికి కొదవ లేదు, పీచు తాళ్ల పనివాళ్లూ ఉన్నారు. చాప పరచి మేకులు దిగ్గొట్టి, సందుల్లో గడ్డి నాటితే చాప కుళ్లే లోపు వేళ్లు పని అందుకుంటాయి. పైన సమతలంలో కానుగ, సీతాఫలం, జీడిమామిడి వేయవచ్చు. వాలు ముఖం మీద పెద్ద చెట్లు వద్దు, గాలికి ఊగి మట్టిని వదులు చేస్తాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు మన దగ్గర చెట్లు వేళ్లతో సహా ఎలా లేచిపోయాయో చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. మొదటి రెండేళ్లు మేకలు తోలకుండా కంచె ఉండాలి. మేకల కాపరితో ముందే మాట్లాడి వేరే దారి చూపిస్తే కంచె నిలుస్తుంది.

పాదం తవ్వనివ్వకండి

మన ప్రాంతంలో డంపులకు ప్రత్యేకంగా ఉన్న ముప్పు ఇది. పాత మాంగనీస్ డంపుల్లో అప్పట్లో పనికిరాదని పారేసిన తక్కువ రకం ఖనిజం ఉంటుంది. ఇప్పుడు దానికి ధర పలుకుతుంది. అందుకని కొందరు డంపును మళ్లీ తవ్వుతారు, కొందరు ముక్కలు ఏరుకుంటారు. రోడ్డు పనికో ఇంటి పునాదికో గ్రావెల్ కావాలని ట్రాక్టర్లు కూడా వస్తాయి. అందరూ తవ్వేది పాదం దగ్గరే, ఎందుకంటే బండి అక్కడికే వస్తుంది. పాదంలో రెండు మీటర్ల గుహ పడితే పైనున్న ఇరవై మీటర్ల మట్టికి ఆధారం పోయినట్టే. నిట్టనిలువుగా తెగిన పాదం ఎండాకాలమంతా నిలబడి, మొదటి పెద్ద వానకు కూలుతుంది. కింద కూర్చుని ముక్కలు ఏరుకునే అమ్మలు, అక్కలు ఆ మట్టి కింద పడతారు.

పాత డంపును తవ్వాల్సి వస్తే అనుమతితో, పైనుంచి కిందికి, బెంచి బెంచిగా తవ్వాలి. ఎండాకాలంలోనే తవ్వాలి. పొక్లెయిన్ ఎప్పుడూ తాను నిలబడ్డ చోటు కన్నా ఎత్తైన, వదులైన మట్టి ముఖం కింద పనిచేయకూడదు. ఏరుకునే వాళ్లను బెదిరించి తరిమితే రాత్రి వస్తారు. పైబెంచిలో విడిగా ఒక కుప్ప పోయించి, పగటిపూట అక్కడ ఏరుకోమంటే పాదం జోలికి రారు.

తిరిగి చూడటం

వారానికి ఒకసారి, వానాకాలంలో రోజూ, పెద్ద వాన తర్వాత తప్పనిసరిగా డంపు చుట్టూ నడవండి. ముందు పైన, తర్వాత కింద. పైన వెతకాల్సింది పగుళ్లు. అంచుకు సమాంతరంగా, నెలవంకలా వంగిన పగులు కనిపిస్తే అది ఎండకు పగిలిన నేల కాదు. పగులుకు అటూ ఇటూ రెండు ఇనుప ఊచలు దిగ్గొట్టి, వాటి మధ్య దూరం టేపుతో కొలిచి తేదీ, టైము రాయండి. అదే మనిషి అదే టేపుతో ఉదయం, సాయంత్రం కొలవాలి. దూరం మారకపోతే పగులులో బంకమట్టి కూరి, దిమ్మిస కొట్టి, నీళ్లు దిగకుండా మూసేయండి. ఊచలు మాత్రం తీయకండి. రోజుకు కొద్ది కొద్దిగా పెరుగుతుంటే డంపింగ్ ఆపి మేనేజర్‌ని పిలవండి. నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువ, పొద్దుటి కన్నా సాయంత్రం ఎక్కువ పెరిగిందంటే ఇక కొలతలు వద్దు, మనుషుల్ని ఖాళీ చేయించండి.

కింద చూడాల్సింది పాదం. నేల ఉబ్బిందా? రాతి గట్టు బయటికి వంగిందా? కంచె స్తంభాలు ఒరిగాయా? ఎప్పుడూ లేని చోట చెమ్మ, ఊట కనిపిస్తోందా? అన్నిటికన్నా ముఖ్యం, వచ్చే నీటి రంగు. తేట నీరు వస్తే లోపలి కాలువ పనిచేస్తోంది. బురద నీరు వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోంది. ఎప్పుడూ వచ్చే నీరు ఒక్కసారిగా ఆగిపోయినా సంతోషించకండి, అది లోపల నిలుస్తోందని అర్థం.

జూన్ మొదట్లో ఒకసారి, సెప్టెంబర్ మూడో వారంలో ఇంకోసారి కాలువలు, గుంతలు అన్నీ పూడిక తీయించండి. రెండోది మరచిపోతుంటారు, వానాకాలం అయిపోయింది కదా అని. మన తీరానికి పెద్ద దెబ్బలు తగిలేది ఆ తర్వాతే. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబర్‌లో వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

డంపింగ్ ఆపేయండి. టిప్పర్లు, డోజర్లు డంపు మీద నుంచి, పాదం దగ్గర నుంచి తీసేయండి. వాచ్‌మన్ గుడిసె పాదం పక్కన ఉంటే ఆయన్ని కుటుంబంతో సహా వేరే చోటికి పంపండి. పైన పగుళ్లు ఉంటే మట్టి కూరి టార్పాలిన్ కప్పి, మీద రాళ్లు పెట్టండి. దిగువన ఇళ్లుంటే సర్పంచ్‌కు, సచివాలయంలో, తహసీల్దార్ ఆఫీసులో ముందే చెప్పండి. “ఏం కాదులే” అని కప్పిపుచ్చితే ఆ రాత్రి వాళ్లు నిద్రలో ఉంటారు.

వాన కురుస్తుండగా కాలువ మూసుకుపోయిందని పాదం దగ్గరికి ఎవరినీ పంపకండి. మట్టి కదిలితే డంపుకు పక్కకు పరిగెత్తాలని, దిగువకు పరిగెత్తకూడదని పనివాళ్లందరికీ, దగ్గరి ఇళ్లవాళ్లకూ చెప్పి ఉంచండి. మనిషి చిక్కుకుంటే 112కి, 108కి ఫోన్ చేయండి. కింద తవ్వే ముందు పైన ఇంకా కదులుతోందా అని చూడటానికి ఒక మనిషిని కాపలా పెట్టండి. మొదటిసారి జారిన చోటే రెండోసారి జారి, కాపాడటానికి వెళ్లినవాళ్లను తీసుకుపోవచ్చు.

వాన వెలిశాక వెంటనే పని మొదలుపెట్టకండి. నీళ్లు లోపలికి దిగి పాదం దగ్గరికి చేరడానికి రోజులు పడుతుంది, కొన్ని డంపులు తెరిపి ఇచ్చాకే జారతాయి. ఊచల మధ్య దూరం కదలకుండా, పాదం నీరు తేటగా ఉందని చూసుకుని, ఆ కొలతలు రిజిస్టర్‌లో రాసి, మేనేజర్ సంతకం పెట్టాకే మొదటి టిప్పర్‌ని పైకి పంపండి.